టూరింగ్ బైక్‌కి సౌండ్ సిస్టమ్ పెట్టాలా? కొనే ముందు ఈ లెక్కలు చూసుకోండి

లాంగ్ రైడ్‌కి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచనే ఇది: "బండికి కూడా కారులో లాగా మంచి సౌండ్ సిస్టమ్ ఉంటే ఎంత బాగుంటుంది!" ఆన్‌లైన్‌లో వెతికితే వందల ఆప్షన్స్ కనిపిస్తాయి. హ్యాండిల్‌బార్‌కి బిగించే బ్లూటూత్ స్పీకర్లు, మిర్రర్ కింద వేలాడే క్రోమ్ స్పీకర్లు, "1000 వాట్స్" అని పెద్ద అక్షరాలతో రాసిన అరచేతంత ఆంప్లిఫయర్లు, హెల్మెట్‌లో పెట్టుకునే ఇంటర్‌కామ్ సెట్లు. ఏది కొనాలి?

ఈ ఆర్టికల్‌లో ఏ మోడల్ బెస్ట్ అని చెప్పను. మోడల్స్ ఆరు నెలలకోసారి మారిపోతాయి, ఫిజిక్స్ మారదు. గాలి శబ్దం ఎంత, బండి ఎంత కరెంట్ ఇవ్వగలదు, వైర్ ఎంత మోయగలదు, మన చెవి ఎంత తట్టుకోగలదు అనే నాలుగు లెక్కలు వేసుకుంటే మీ బండికి ఏది సరిపోతుందో మీకే తెలిసిపోతుంది. కాలిక్యులేటర్ యాప్ ఓపెన్ చేసి పెట్టుకోండి. మన దగ్గర ఎక్కువగా టూరింగ్‌కి వాడే 350 నుంచి 450 సీసీ సింగిల్ సిలిండర్ బండ్లని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నా.

గోల్డ్ వింగ్‌లో కుదిరింది మన బండిలో ఎందుకు కుదరదు?

బైక్ మీద స్టీరియో అనగానే గుర్తొచ్చే పేరు హోండా గోల్డ్ వింగ్. 1975లో జీఎల్1000గా వచ్చినప్పుడు అది ఫెయిరింగ్ లేని బండి. 1980లో వచ్చిన ఇంటర్‌స్టేట్ మోడల్‌కి కంపెనీయే పెద్ద ఫెయిరింగ్ పెట్టింది, స్టీరియో ఆప్షన్ కూడా ఇచ్చింది. ఈ రెండూ కలిసి రావడంలోనే అసలు విషయం ఉంది. ముందు గాలిని ఆపారు, ఆ తర్వాతే పాట పెట్టారు. 2018 మోడల్ గోల్డ్ వింగ్‌కి యాపిల్ కార్‌ప్లే కూడా వచ్చింది. హార్లీ డేవిడ్‌సన్ స్ట్రీట్ గ్లైడ్, రోడ్ గ్లైడ్ లాంటి బండ్లలో కూడా స్పీకర్లు ఫెయిరింగ్ లోపలే రైడర్ వైపు తిరిగి ఉంటాయి.

ఆ బండ్లకి మూడు సౌకర్యాలు ఉన్నాయి. గాలిని పక్కకి తోసే పెద్ద విండ్‌స్క్రీన్. స్పీకర్ వెనక మూసి ఉన్న ఖాళీ, అంటే ఒక బాక్స్. పెద్ద ఇంజిన్‌తో పాటు వచ్చే పెద్ద ఆల్టర్నేటర్. మన బండికి ఈ మూడూ ఉండవు. ఉన్నా అరచేయంత విండ్‌స్క్రీన్ ఉంటుంది. అందుకే అక్కడ కొన్న స్పీకర్‌నే తెచ్చి ఇక్కడ బిగించినా అదే సౌండ్ రాదు.

మొదటి లెక్క: గాలి

బండి మీద మీ పాటకి పోటీ ఇచ్చేది ఇంజిన్ కాదు, గాలి. ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకున్నా సరే, 60 కిలోమీటర్ల వేగం దాటాక గాలి శబ్దం మిగతా అన్నింటినీ మింగేయడం మొదలుపెడుతుంది. 80, 100 మధ్యలో హెల్మెట్ లోపల చెవి దగ్గర 90 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఉండటం మామూలే. హెల్మెట్ షేప్, మీ ఎత్తు, విండ్‌స్క్రీన్ అంచు నుంచి వచ్చే సుడిగాలి ఎక్కడ తగులుతుంది అన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది.

ఇంకో సంగతి. ఈ గాలి శబ్దంలో ఎక్కువ భాగం కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. బాస్ ఉండేది కూడా అక్కడే. అందుకే హైవే ఎక్కగానే పాటలో ముందు బాస్ మాయమవుతుంది, తర్వాత డ్రమ్స్, చివరికి గొంతు మాత్రం సన్నగా మిగులుతుంది. పైగా కారు క్యాబిన్ మూసి ఉన్న చిన్న గది లాంటిది కాబట్టి అది బాస్‌ని పెంచుతుంది. ఓపెన్ రోడ్డు మీద ఆ సాయం ఉండదు. 3 లేదా 4 అంగుళాల స్పీకర్ నుంచి ఆరుబయట సబ్ వూఫర్ లాంటి బాస్ ఆశించకండి. ఎంత ఖర్చు పెట్టినా రాదు.

రెండో లెక్క: వాట్ల మాయ

డబ్బా మీద రాసిన వాట్లని నమ్మొద్దు. చూడాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు, అంటే ఆంప్లిఫయర్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. "పీఎంపీఓ", "మ్యాక్స్", "పీక్" అని రాసినవన్నీ ఏదో ఒక క్షణంలో వచ్చే అంకెలు, లేదా ఉత్త మార్కెటింగ్.

నిజం తెలుసుకోవడానికి ఒక సులువైన ట్రిక్ ఉంది. ఆంప్లిఫయర్‌తో వచ్చే ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో చూడండి. దాన్ని 14తో గుణించండి. 10 ఆంపియర్ల ఫ్యూజ్ అయితే 10 × 14 = 140 వాట్లు. ఆ డబ్బా లోపలికి తీసుకోగలిగేదే అంత. బయటికి ఇంకా తక్కువ ఇస్తుంది. క్లాస్ డీ రకం అయితే అందులో దాదాపు 85 శాతం, పాత క్లాస్ ఏబీ రకం అయితే సగం కంటే కొంచెం ఎక్కువ. 10 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి 1000 వాట్స్ అని రాసి ఉంటే ఆ లిస్టింగ్‌ని వెంటనే క్లోజ్ చేసేయండి.

తర్వాత చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయి అని చెప్పే అంకె ఇది. చిన్న స్పీకర్లకి 85 చుట్టుపక్కల ఉంటుంది. ఇక్కడి నుంచి మూడు రూల్స్ గుర్తుంచుకుంటే చాలు:

1. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే.
2. మన చెవికి "రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి పవర్ 10 రెట్లు కావాలి.
3. ఆరుబయట దూరం రెట్టింపు అయితే 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న రెండు స్పీకర్లు, ఒక్కోదానికి 20 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్. 20 వాట్లకి 13 డెసిబెల్స్ కలపాలి. స్పీకర్ నుంచి తలకి 70 సెంటీమీటర్లు అనుకుంటే ఇంకో 3. రెండు స్పీకర్లు కాబట్టి మరో 3. మొత్తం 104 డెసిబెల్స్. అబ్బో, చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా?

అక్కడే ఆగండి. 104 అనేది ఆంప్లిఫయర్ పూర్తి పవర్‌లో ఉన్నప్పటి మాట. పాటలో గట్టిగా వినిపించే క్షణాలు కొన్నే, సగటు దానికంటే దాదాపు 10 డెసిబెల్స్ కింద ఉంటుంది. అంటే 94. హెల్మెట్ పై ఫ్రీక్వెన్సీలని ఇంకో 10 దాకా తగ్గిస్తుంది. చెవికి చేరేది 84 చుట్టుపక్కల. 80 కిలోమీటర్ల వేగంలో గాలి 90 దాటి ఉంది. పాట ఓడిపోయింది.

పోనీ, గెలిపిద్దాం. ఇంకో 10 డెసిబెల్స్ కావాలంటే పవర్ 10 రెట్లు, అంటే ఒక్కో స్పీకర్‌కి 200 వాట్లు, మొత్తం 400 వాట్లు. ఈ తరహా బండ్లలో మొత్తం ఆల్టర్నేటర్ కెపాసిటీయే దాదాపు 200 వాట్ల స్థాయిలో ఉంటుంది. లైట్లు, ఇంజిన్ అన్నీ ఆపేసినా సరిపోదు. అందుకే విండ్‌స్క్రీన్ లేని బండి మీద హైవే స్పీడ్‌లో స్పీకర్ గాలి మీద గెలవడం కుదరదు. ఏ బ్రాండ్ కొన్నా ఇంతే.

ఆ సౌండ్ వినేది ఎవరు?

మీకు సరిగా వినిపించని ఆ సౌండే రోడ్డు మీద వాళ్లకి మాత్రం బాగా వినిపిస్తుంది. 70 సెంటీమీటర్ల దగ్గర 104 ఉన్నది 10 మీటర్ల దూరంలో 81. పాట సగటు తీసుకుంటే 71. వాళ్ల తలకి హెల్మెట్ లేదు, చెవుల్లో గాలి హోరు లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వీధి మొత్తానికి మీ ప్లేలిస్ట్ వినిపిస్తుంది.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిసరాల శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా సైలెన్స్ జోన్ ఉంటుంది, అక్కడ పగలు 50, రాత్రి 40. రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ వాడకూడదని కూడా అవే నిబంధనల్లో ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇంకో సంగతి చెప్తుంది: కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్, ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిలో మార్పులు చేయకూడదు. అందుకే ఫ్రేమ్ కోయడం, హ్యాండిల్‌బార్ మార్చడం లాంటివి సౌండ్ సిస్టమ్ కోసం అస్సలు వద్దు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద నల్లమలలోకి వెళ్తే అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ స్పీకర్ ఆన్ చేయకూడదని చెప్పడానికి డెసిబెల్ లెక్క కూడా అక్కర్లేదు.

అసలు పరిష్కారం: చెవికి దగ్గరగా

దూరం రెట్టింపు అయితే 6 డెసిబెల్స్ తగ్గుతాయి అనుకున్నాం కదా. దాన్నే తిరగేయండి. స్పీకర్‌ని చెవికి దగ్గరగా తెస్తే వాట్లతో పనే లేదు. హెల్మెట్‌లో పెట్టే 40 మిల్లీమీటర్ల స్పీకర్ చెవికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వాట్లలో కాదు, మిల్లీవాట్లలో పని అయిపోతుంది. బండి వైరింగ్ ముట్టుకోవాల్సిన పని లేదు. పక్కవాడికి వినిపించదు. సేనా, కార్డో లాంటి కంపెనీలు ఇవే చేస్తాయి, మన దేశంలో తయారైనవి కూడా దొరుకుతున్నాయి. నేను వాడేది కూడా హెల్మెట్ సెట్టే.

కొనేటప్పుడు స్పెక్ షీట్‌లో ఇవి చూడండి:

నాయిస్ క్యాన్సిలేషన్: చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. ఇంటర్‌కామ్ బాక్స్ మీద రాసే నాయిస్ క్యాన్సిలింగ్ సాధారణంగా మైక్‌కి సంబంధించింది. మీ కాల్‌లో అవతలివాళ్లకి గాలి శబ్దం వినిపించకుండా చేస్తుంది. మీ చెవిలో గాలిని అది తగ్గించదు.

మైక్ రకం: ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి వైర్ చివర ఉండే బటన్ మైక్ కావాలి. ఓపెన్ ఫేస్, ఫ్లిప్ అప్ హెల్మెట్‌లకి బూమ్ మైక్. రెండూ బాక్స్‌లో ఉంటే మంచిది.

బటన్లు: గ్లవ్స్‌తో నొక్కగలగాలి. టచ్ కంట్రోల్స్ వర్షంలో పిచ్చిగా ప్రవర్తిస్తాయి. పెద్ద రబ్బర్ బటన్ లేదా తిప్పే డయల్ బెటర్.

మెష్ లేదా బ్లూటూత్: ఒంటరిగా, లేదా వెనక కూర్చున్నవాళ్లతో మాట్లాడుతూ వెళ్లేవాళ్లకి బ్లూటూత్ చాలు. నలుగురైదుగురు కలిసి వెళ్లే గ్రూప్‌కి మెష్ కావాలి. మధ్యలో ఒకరు దూరమై మళ్లీ దగ్గరకి వస్తే మెష్ దానంతట అదే కలుస్తుంది. బ్లూటూత్ చైన్‌లో మధ్య బండి వెనకబడితే లింక్ తెగిపోతుంది.

నావిగేషన్: పాట మధ్యలో మ్యాప్స్ వాయిస్ వస్తే పాట వాల్యూమ్ దానంతట అదే తగ్గాలి. కొన్ని చవక సెట్లలో పాట ఆగిపోయి మళ్లీ మొదలవ్వడానికి టైమ్ పడుతుంది.

ఫిట్టింగ్‌లో ఒకే ఒక్క రహస్యం ఉంది: పొజిషన్. స్పీకర్ మధ్యభాగం చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయినా బాస్ పోతుంది, వాల్యూమ్ తగ్గినట్టు అనిపిస్తుంది. హెల్మెట్ పెట్టుకుని, చెంప ప్యాడ్ కింద నుంచి వేలు పెట్టి చెవి ఎక్కడ వస్తుందో గుర్తుపెట్టుకోండి. అక్కడ వెల్‌క్రో అంటించండి. స్పీకర్ చెవికి దూరంగా ఉంటే సెట్‌తో వచ్చే ఫోమ్ ప్యాడ్‌ని వెనక పెట్టి ముందుకి తీసుకురండి. మరీ చెవిని నొక్కితే గంటలో నొప్పి మొదలవుతుంది. స్పీకర్ పట్టడం లేదని హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ని మాత్రం కోయొద్దు. పడిపోయినప్పుడు తలని కాపాడేది ఆ పొరే. ఐఎస్ 4151 మార్క్ ఉన్న హెల్మెట్ కొని దాన్ని చేతులారా పాడు చేసుకోవడం తెలివి కాదు. స్పీకర్ పాకెట్ ముందే ఉన్న హెల్మెట్లు దొరుకుతాయి, కొత్తది కొంటుంటే అలాంటిదే చూసుకోండి.

మూడో లెక్క: మీ చెవులు

సౌండ్ సిస్టమ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే భాగం ఇది. నాకు మాత్రం అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే.

అమెరికాలో పని ప్రదేశాల ఆరోగ్యాన్ని పరిశోధించే నయోష్ అనే సంస్థ ఇచ్చిన పరిమితి ఇది: 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అవుతుంది.

88 డెసిబెల్స్: 4 గంటలు
91 డెసిబెల్స్: 2 గంటలు
94 డెసిబెల్స్: 1 గంట
97 డెసిబెల్స్: 30 నిమిషాలు
100 డెసిబెల్స్: 15 నిమిషాలు

హైదరాబాద్ నుంచి విజయవాడకి బండి మీద 5 గంటలు అనుకోండి. హెల్మెట్ లోపల గాలి సగటున 95 ఉంటే, పాట ఏమీ పెట్టకుండానే పరిమితి దాదాపు 48 నిమిషాల్లో అయిపోయింది. 5 గంటలంటే ఆరింతలు. ఇప్పుడు గాలికి సమానంగా, 95లో పాట పెట్టారు. రెండూ కలిస్తే 98. పరిమితి 24 నిమిషాలకి పడిపోయింది. క్లియర్‌గా వినపడట్లేదని పాటని 101కి పెంచితే మొత్తం 102 అవుతుంది. అప్పుడు మిగిలేది దాదాపు 9 నిమిషాలు.

రైడ్ అయ్యాక రాత్రి పడుకుంటే చెవిలో గుయ్‌మని మోగుతుందా? అది అలసట కాదు, వార్నింగ్. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమ కణాలు మనుషుల్లో ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. దీనికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రాదు.

పరిష్కారం వాల్యూమ్ పెంచడం కాదు, గాలిని తగ్గించడం. వరుసగా ఇవి చేయండి:

1. హెల్మెట్ సైజ్ సరిగ్గా ఉండాలి. మెడ దగ్గర ఖాళీ ఉంటే గాలి అక్కడి నుంచే లోపలికి వస్తుంది. గడ్డం కింద బిగించే చిన్న కర్టెన్ కూడా పనికొస్తుంది.
2. విండ్‌స్క్రీన్ ఎత్తు మార్చి చూడండి. కొన్నిసార్లు పొడుగు స్క్రీన్ కంటే స్క్రీన్ తీసేస్తేనే నిశ్శబ్దంగా ఉంటుంది. సుడిగాలి సరిగ్గా హెల్మెట్‌కి తగిలేలా ఉండే స్క్రీన్ అన్నింటికంటే చెడ్డది.
3. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. మెడికల్ షాప్‌లో దొరికే ఫోమ్ ప్లగ్స్ సరిగ్గా పెట్టుకుంటే 15 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ తగ్గిస్తాయి. 95 కాస్తా 80 అవుతుంది.

"ప్లగ్స్ పెట్టుకుంటే పాట ఎలా వినిపిస్తుంది?" అని అడుగుతారు. వినిపిస్తుంది. ప్లగ్ గాలినీ పాటనీ రెండింటినీ తగ్గిస్తుంది, వాటి మధ్య తేడా పెద్దగా మారదు. పైగా గాలి హోరుకి చెవి బెదిరిపోవడం ఆగుతుంది కాబట్టి మాటలు ఇంకా స్పష్టంగా అనిపిస్తాయి. హారన్, అంబులెన్స్ సైరన్ విషయంలో కూడా అంతే. ఫోమ్ మరీ మూసేసినట్టు అనిపిస్తే రైడర్ల కోసం వచ్చే ఫిల్టర్ ప్లగ్స్ చూడండి. అయితే మ్యూజిక్ ఇయర్‌బడ్స్ చెవిలో పెట్టుకుని బండి నడపడం వేరు. అది చెవిని మూసేసి లోపల మళ్లీ సౌండ్ పోస్తుంది, సిటీలో పోలీసులు ఆపే అవకాశం కూడా ఉంది.

ఫోన్‌లో కూడా ఒక పని చేయండి. శామ్‌సంగ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్ లిమిట్, ఐఫోన్‌లో పెద్ద శబ్దాలని తగ్గించే ఆప్షన్ ఉన్నాయి. ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని వాటిని సెట్ చేసి పెట్టండి. 90 స్పీడ్‌లో ఉన్నప్పుడు మన వేలు ఎప్పుడూ ప్లస్ బటన్ మీదకే పోతుంది.

నాలుగో లెక్క: స్పీకర్లే కావాలంటే బండి ఎంత ఇవ్వగలదు?

ఇంత చెప్పినా స్పీకర్లకి పనికొచ్చే సందర్భాలు ఉన్నాయి. పెద్ద విండ్‌స్క్రీన్ ఉన్న బండి, 50 లోపు వేగంతో ఘాట్ రోడ్డు, క్యాంప్ దగ్గర సాయంత్రం పాటలు. అలాంటప్పుడు ముందు పవర్ బడ్జెట్ వేయండి. ఉదాహరణకి మీ బండి ఆల్టర్నేటర్ 220 వాట్లు అనుకుందాం. మీది ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

హెడ్‌లైట్ హై బీమ్: 60
టెయిల్ లైట్, మీటర్, పార్కింగ్ లైట్: 15
ఫ్యూయల్ పంప్, ఈసీయూ, ఇగ్నిషన్: సుమారు 80
బ్యాటరీ చార్జింగ్ కోసం వదలాల్సింది: 20
ఫోన్ చార్జర్: 15

మొత్తం 190. మిగిలింది 30 వాట్లు. క్లాస్ డీ ఆంప్లిఫయర్‌తో స్పీకర్లకి చేరేది 25. అంటే ఒక్కో స్పీకర్‌కి 12 వాట్లు. మీరు ముందే 40 వాట్ల ఫాగ్ లైట్లు పెట్టి ఉంటే మిగిలేది సున్నా కాదు, మైనస్ 10.

ఇంకోటి. ఆల్టర్నేటర్ పూర్తి పవర్ ఇచ్చేది ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడే. ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు దానికంటే చాలా తక్కువ ఇస్తుంది. ఆ లోటుని బ్యాటరీ భరిస్తుంది. క్యాంప్ దగ్గర ఇంజిన్ ఆపి పాటలు పెడితే మొత్తం బ్యాటరీ మీదే. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నాలుగో వంతు మాత్రమే వాడాలి అనుకుంటే 2 ఆంపియర్ అవర్. సిస్టమ్ 3 ఆంపియర్లు తీసుకుంటే 40 నిమిషాలు. కిక్ స్టార్ట్ లేని బండితో లంబసింగి చలిలో ఉదయం సెల్ఫ్ తిరగకపోతే తోయడం తప్ప మార్గం లేదు. క్యాంప్ కోసమే అయితే సొంత బ్యాటరీ ఉన్న చిన్న బ్లూటూత్ స్పీకర్‌ని బ్యాగ్‌లో వేసుకెళ్లడం వంద రెట్లు మేలు.

వైరింగ్: ఇక్కడ షార్ట్‌కట్ వద్దు

బైక్ బ్యాటరీ చిన్నదే అనిపిస్తుంది. కానీ షార్ట్ అయితే ఆ చిన్న బ్యాటరీయే వంద ఆంపియర్లు దాటి ఒక్కసారిగా తోస్తుంది. ఫ్యూజ్ లేని వైర్ కొన్ని సెకన్లలో ఎర్రగా కాలుతుంది. అది ఉండేది పెట్రోల్ ట్యాంక్ కింద. యాక్సెసరీ షాప్‌లో "హారన్ వైర్‌కి కలిపేస్తే చాలు, పది నిమిషాల్లో అయిపోతుంది" అంటే వద్దని చెప్పండి. సరైన పద్ధతి ఇది:

1. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి.
2. బ్యాటరీ పాజిటివ్ నుంచి కొత్త వైర్ తీయండి. టెర్మినల్ నుంచి 15 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ హోల్డర్ పెట్టండి. ఫ్యూజ్ దూరంగా ఉంటే, దానికి ముందున్న వైర్‌కి రక్షణ ఉండదు.
3. ఫ్యూజ్ నుంచి వైర్ రిలే 30 నంబర్ పిన్‌కి, 87 నంబర్ పిన్ నుంచి ఆంప్లిఫయర్ పాజిటివ్‌కి వెళ్లాలి.
4. రిలే 86 నంబర్ పిన్‌కి ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంట్ వచ్చే వైర్ ఇవ్వండి. 85 నంబర్ పిన్ నెగటివ్‌కి. ఇలా చేస్తే తాళం తీయగానే సిస్టమ్ ఆగిపోతుంది, రాత్రంతా బ్యాటరీ కారిపోదు. రిలే కాయిల్ తీసుకునేది చాలా తక్కువ కరెంట్ కాబట్టి బండి వైరింగ్ మీద భారం పడదు.
5. ఆంప్లిఫయర్ నెగటివ్ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి వెళ్లాలి. ఫ్రేమ్ బోల్ట్‌కి కాదు. పెయింట్, తుప్పు వల్ల అక్కడ కనెక్షన్ సరిగా ఉండదు.

వైర్ సైజ్ ఎందుకు ముఖ్యమో చూడండి. వెళ్లడానికి ఒకటిన్నర మీటర్, రావడానికి ఒకటిన్నర, మొత్తం 3 మీటర్ల రాగి వైర్. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైర్ అయితే 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 1 వోల్ట్ దారిలోనే పోతుంది, 10 వాట్లు వేడిగా మారతాయి. 1.5 వైర్ అయితే పోయేది దాదాపు 0.35 వోల్ట్ మాత్రమే. ఎలక్ట్రికల్ షాప్‌లో ధర తేడా ఒక టీ ఖర్చంత కూడా ఉండదు. ఫ్యూజ్ విషయంలో కూడా ఒక రూల్: ఫ్యూజ్ ఉన్నది వైర్‌ని కాపాడటానికి. ఆంప్లిఫయర్ గరిష్ఠంగా 5 ఆంపియర్లు తీసుకుంటే 7.5 ఫ్యూజ్ వేయండి. ఫ్యూజ్ పదే పదే పోతుంటే పెద్దది వేయకండి, ఎందుకు పోతోందో వెతకండి.

జాయింట్లు మెలితిప్పి టేప్ చుట్టడం ఇంట్లో కూడా మంచిది కాదు, బండి మీద అయితే అస్సలు నిలవదు. క్రింప్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. హ్యాండిల్‌ని ఎడమ చివరి నుంచి కుడి చివరికి పూర్తిగా తిప్పి వైర్ ఎక్కడా లాగట్లేదని, నలగట్లేదని చూసుకోండి. సైలెన్సర్ పైప్‌కి దూరంగా ఉంచండి. కొత్త బండ్లలో యాక్సెసరీల కోసం కంపెనీయే కనెక్టర్ ఇస్తుంది. అది ఉంటే ఇగ్నిషన్ వైర్ అక్కడి నుంచే తీసుకోండి. కంపెనీ వైరింగ్‌ని కోస్తే వారంటీ దగ్గర గొడవ అవుతుంది. క్యాన్ బస్ ఉన్న బండ్లలో తోచిన వైర్‌కి లోడ్ కలిపితే మీటర్‌లో ఎర్రర్ లైట్లు వెలుగుతాయి.

ఇంజిన్ రేజ్ చేస్తే స్పీకర్‌లో "కుయ్..." అని సౌండ్ పెరుగుతోందా? ఫోన్ బండి చార్జర్‌కి, ఆక్స్ కేబుల్‌కి రెండింటికీ ఒకేసారి కనెక్ట్ అయి ఉందేమో చూడండి. గ్రౌండ్ లూప్ అంటే అదే. బ్లూటూత్‌కి మారితే పోతుంది.

చివరిగా ఒక సెట్టింగ్. ఆంప్లిఫయర్‌లో హై పాస్ ఫిల్టర్ ఉంటే 120 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఆరుబయట ఎలాగూ వినిపించని బాస్ కోసం పవర్ వృథా అవ్వదు, చిన్న స్పీకర్ పగిలినట్టు మోగదు.

వాన, దుమ్ము, వైబ్రేషన్

ఐపీ రేటింగ్ చూసేటప్పుడు ఒక తిరకాసు ఉంది. ఐపీఎక్స్7 అంటే 1 మీటర్ నీళ్లలో 30 నిమిషాలు ముంచినా తట్టుకుంటుంది. అయితే అది నీటి ధారని తట్టుకుంటుందని అర్థం కాదు, దానికి ఐపీఎక్స్5, ఐపీఎక్స్6 అనే వేరే టెస్టులు ఉన్నాయి. 80 స్పీడ్‌లో వానలో వెళ్లడం, సర్వీస్ సెంటర్‌లో ప్రెషర్ వాష్ కొట్టడం రెండూ ధారలే. అందుకే బండి మీద బిగించే స్పీకర్‌కి ఐపీ66 చూడండి. అందులో మొదటి 6 దుమ్ముకి. స్పీకర్ కోన్ పేపర్‌ది అయితే నీళ్లకి ఉబ్బుతుంది, పాలీప్రొపిలీన్ కోన్ ఉండాలి.

ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించే వాళ్లకి ఇంకో మాట. బైక్ ఇంజిన్ వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ స్వయంగా హెచ్చరించింది. ఓఐఎస్ ఉన్న ఏ ఫోన్‌కైనా ఇది వర్తిస్తుంది. వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదా ఫోన్‌ని జేబులో పెట్టి మ్యాప్స్‌ని చెవితో వినండి.

బిగించాక ఈ టెస్ట్ చేయండి

చిన్న మల్టీమీటర్ చాలు. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర నాలుగు రీడింగ్స్ తీయండి.

ఇంజిన్ ఆపి, బండి కొన్ని గంటలు ఖాళీగా ఉన్నాక: 12.6 నుంచి 12.8 ఉండాలి.
4000 ఆర్‌పీఎం దగ్గర, సిస్టమ్ ఆఫ్‌లో: 13.8 నుంచి 14.5 మధ్య.
అదే ఆర్‌పీఎం, లైట్లు, పాట అన్నీ ఆన్: 13.5 కంటే కిందకి రాకూడదు.
ఐడిల్‌లో అన్నీ ఆన్: 12.6 కంటే పడిపోతే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టే, సిగ్నల్స్ దగ్గర వాల్యూమ్ తగ్గించాలి.

ఆ తర్వాత అరగంట నడిపి ఫ్యూజ్ హోల్డర్‌ని, రిలేని, జాయింట్లని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ జాయింట్ మళ్లీ చేయాలి.

ఎవరికి ఏది?

హైవే మీద 70 పైన ఎక్కువసేపు వెళ్తారా? హెల్మెట్ సెట్, ఇయర్ ప్లగ్స్. ఇంకేమీ అక్కర్లేదు.

గ్రూప్ రైడ్స్ ఎక్కువా? మెష్ ఉన్న హెల్మెట్ సెట్. అందరూ ఒకే కంపెనీది కొంటే కనెక్షన్ గొడవ ఉండదు.

పెద్ద ఫెయిరింగ్ ఉన్న బండి, నిదానంగా నడిపే అలవాటు ఉందా? ఐపీ66 ఉన్న రెండు స్పీకర్లు, క్లాస్ డీ ఆంప్లిఫయర్, ఫ్యూజ్, రిలే. ఊళ్లోకి రాగానే ఆఫ్.

క్యాంప్ పాటల కోసమా? సొంత బ్యాటరీ ఉన్న బ్లూటూత్ స్పీకర్.

బడ్జెట్ తక్కువగా ఉండి ఒక్కటే కొనగలిగితే? ముందు ఇయర్ ప్లగ్స్ కొనండి. పాట లేని రైడ్‌లో కూడా అవి పని చేస్తాయి. ఒక్క రైడ్ వాటితో చేసి చూడండి. ఆ తర్వాత కూడా స్పీకర్లు కావాలనిపిస్తే పైన ఉన్న పవర్ బడ్జెట్‌లో మీ బండి అంకెలు వేసి, మిగిలిన వాట్లు ఎన్నో చూసి అప్పుడు ఆర్డర్ చేయండి.